కాడ విరవొద్దు, తవ్వి తీయండి: అడవి పుట్టగొడుగుల సేకరణ, వంట (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది వంట సంగతి వినడానికి వచ్చారని తెలుసు. దానికంటే ముందు కాసేపు మట్టి సంగతి వినాలి, ఓపిక పట్టండి.

ఈ బల్ల మీద రెండు పుట్టగొడుగులున్నాయి చూడండి. రెండూ ఒకే చెట్టు కింద, ఒకే గుంపులో మొలిచినవి. మొదటిదాన్ని వేళ్లతో పట్టుకుని పుటుక్కున విరిచి తెచ్చారు. రెండోదాన్ని కత్తి మొనతో చుట్టూ మట్టి వదులు చేసి, అడుగు నుంచి పైకి లేపి తెచ్చారు. మొదటిది చూపించి దీని పేరేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. తెల్లటి గొడుగు, తెల్లటి కాడ, అంతే. అలాంటివి ఎన్నో రకాలుంటాయి. రెండోదాన్ని దగ్గరికి తెస్తాను. కాడ అడుగున పగిలిన కోడిగుడ్డు పెంకులా తెల్లటి సంచి కనబడుతోందా? సగం మట్టిలో కూరుకుపోయిన ఈ సంచి చూశాక ఇంక ఆలోచించే పని లేదు. ఇది అమానిటా అనే ప్రజాతిది, ప్రాణం తీసే రకాలు ఇందులో ఉన్నాయి. ఇలాంటి సంచే ఉండే వరిగడ్డి పుట్టగొడుగు సంగతి తర్వాత చెబుతాను. వంటగదిలోకి రానివ్వకూడదు. మొదటిదాని సంచి మాత్రం అక్కడే నేలలో ఉండిపోయింది. విరిచిన మనిషి తనను కాపాడే సాక్ష్యాన్ని అడవిలోనే వదిలేసి వచ్చాడన్నమాట.

కంగారు పడకండి, చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. దీని విషం కడుపులోకి వెళితేనే పనిచేస్తుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు.

కాడ మొదట్లో కోస్తే వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుందని, తవ్వితే మొలవదని చాలామంది అంటారు. పుట్టగొడుగు అసలు శరీరం నేలలో దారాల్లా అల్లుకుని ఉంటుంది. మనకు కనబడేది దాని కాయ లాంటిది మాత్రమే. ఒకటి రెండు తవ్వి తీసి, గుంటలో మట్టి పూడ్చి, ఆకులు కప్పేస్తే దానికి నష్టమేమీ ఉండదు. ఏ రకమో తేల్చుకున్నాక మిగతావాటిని కోసుకోండి. తెలియనిదాన్ని మాత్రం తవ్వాల్సిందే.

ఇంత పట్టుపట్టి ఎందుకు చెబుతున్నానంటే, పుట్టగొడుగుల వల్ల జరిగే మరణాల్లో ఎక్కువ భాగం డెత్ క్యాప్ అనే అమానిటా, దాని దగ్గరి బంధువుల వల్లే జరుగుతాయి. డెత్ క్యాప్ ఐరోపాది. ఓక్ లాంటి చెట్ల వేళ్లతో కలిసి బతుకుతుంది కాబట్టి, ఆ మొక్కల వెంట ఆస్ట్రేలియాకూ అమెరికాకూ చేరింది. కాన్‌బెర్రాలో 2011 డిసెంబర్ 31 రాత్రి భోజనంలో దాన్ని తిన్నవాళ్లలో ఇద్దరు 2012 జనవరిలో చనిపోయారు. వరిగడ్డి పుట్టగొడుగు తిని పెరిగినవాళ్లు వేరే దేశాలకు వెళ్లి, అదే అనుకుని దీన్ని వండుకోవడం పదే పదే జరిగింది. లేతగా ఉన్నప్పుడు రెండూ గుడ్డులాగే ఉంటాయి. రెండింటికీ అడుగున సంచి ఉంటుంది. తేడా తెలియాలంటే ఎదగనివ్వాలి. వరిగడ్డి పుట్టగొడుగుకు కాడ మీద ఉంగరం ఉండదు, గొడుగు కింద రేకులు ముదిరేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. డెత్ క్యాప్ కాడకు గాజు తొడిగినట్టు పల్చటి పొర వేలాడుతుంది, రేకులు చివరిదాకా తెల్లగానే ఉంటాయి. గొడుగు సాధారణంగా ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు. తెల్లగా ఉండేవి కూడా ఉన్నాయి కాబట్టి రంగును నమ్ముకోవద్దు. బయట మొలిచిన గుడ్డు దశవాటిని అసలు తీసుకోకపోవడమే మంచిది. వరిగడ్డి పుట్టగొడుగు తినాలనిపిస్తే పెంచినవి దొరుకుతాయి.

డెత్ క్యాప్ విషం ఒంట్లో ఏం చేస్తుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. దానిలోని ఆల్ఫా అమానిటిన్ మన కణాల్లో ఆర్ఎన్ఏ తయారీని ఆపేస్తుంది. ఆర్ఎన్ఏ లేకపోతే ప్రోటీన్ తయారు కాదు. ఎక్కువ దెబ్బ కాలేయానికి. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. తిన్న 6 నుంచి 12 గంటల దాకా, ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత విపరీతమైన వాంతులు, విరేచనాలు. రెండో రోజుకు తగ్గినట్టనిపిస్తుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ‘గండం గడిచింది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. సరిగ్గా అప్పుడే లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. మూడో రోజు నుంచి కామెర్లు, రక్తస్రావం, స్పృహ తప్పడం మొదలవుతాయి. ఉడకబెట్టినా, ఎండబెట్టినా, గడ్డకట్టించినా ఈ విషం పోదు. ఒక్క పెద్ద గొడుగు మనిషి ప్రాణం తీయడానికి చాలు.

కాబట్టి ఈ ఆరు గంటల లెక్క గుర్తుంచుకోండి. పుట్టగొడుగులు తిన్న ఆరు గంటల తర్వాత వాంతులు మొదలైతే, తగ్గుతాయేమోనని ఇంట్లో కూర్చోకూడదు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. గంటా రెండు గంటల్లోనే వాంతులైతే ప్రమాదం తక్కువ రకమై ఉండొచ్చు. కానీ ఒకే వంటలో రెండు మూడు రకాలు కలిసి ఉంటే ఆ లెక్క పనికిరాదు, ఒకటి ముందు బయటపడుతుంది, రెండోది తర్వాత చంపుతుంది. ఆసుపత్రికి మిగిలిన పచ్చి ముక్కలు, చెత్తబుట్టలో పడేసిన కాడలు, తొక్కలు, వండిన మిగులు అన్నీ కాగితంలో చుట్టి పట్టుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారో, ఇంకా ఎవరెవరు తిన్నారో రాసి ఇవ్వండి. ఒంట్లో బాగానే ఉన్నవాళ్లను కూడా తీసుకెళ్లాలి.

ఇక పాత నమ్మకాలు. వెండి చెంచా నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చు, తొక్క ఊడివస్తే మంచిది. ఒక్కటీ నిజం కాదు. వెండి నల్లబడేది గంధకం వల్ల. డెత్ క్యాప్‌ను నత్తలు హాయిగా తింటాయి. రుచి చూసి చెప్పొచ్చనుకోవడం అన్నిటికంటే దారుణం, తిని బతికినవాళ్లు అది రుచిగానే ఉందని చెప్పారు. విషం ఉందా లేదా అని చెప్పే ఇంటి పరీక్ష ఏదీ లేదండీ. ఇది ఫలానా రకం అని తేల్చే పరీక్షలే ఉన్నాయి. పేరు తేలాకే తినొచ్చా లేదా అన్న ప్రశ్న వస్తుంది.

ఆ పేరు తేల్చడానికి ఇంట్లో చేసుకోగలిగే మంచి పరీక్ష పొడి ముద్ర. దీన్ని కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే చాలామంది సగం చేసి తప్పు చదువుతారు.

పూర్తిగా విచ్చుకున్న గొడుగు ఒకటి తీసుకోండి. కాడను గొడుగుకు ఆనించి కోసేయండి. రేకులు కిందికి ఉండేలా గాజు పలక మీద బోర్లించండి. గొడుగు మీద ఒక్క చుక్క నీళ్లు వేసి, పైన గిన్నె మూయండి. గాలి తగలకూడదు, తగిలితే పొడి చెదిరిపోతుంది. 4 నుంచి 12 గంటలు వదిలేయండి, రాత్రి పెట్టి పొద్దున చూడటం తేలిక. రేకుల మధ్య నుంచి రాలిన సిద్ధబీజాలు గాజు మీద చక్రం ఆకుల్లా గీతలు గీస్తాయి. కాగితం బదులు గాజు ఎందుకంటే, తెల్ల కాగితం మీద తెల్లటి పొడి కనబడదు, ముద్ర రాలేదనుకుంటారు. గాజునైతే ఒకసారి నల్ల గుడ్డ మీద, ఒకసారి తెల్ల కాగితం మీద పెట్టి చూడొచ్చు. ఇంకొక మెలిక ఉంది. పల్చటి పొరలో లేత గులాబీ రంగు తెల్లగా కనబడుతుంది. అందుకని బ్లేడుతో పొడినంతా ఒకచోటికి గీకి చిన్న కుప్ప చేసి, పగటి వెలుతురులో చూడండి. ట్యూబు లైటు కింద చూడొద్దు.

ముద్ర రాకపోతే మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. గొడుగు ఇంకా లేతది, అడుగు పొర చిరగలేదు. లేదా మరీ ముదిరి పొడంతా బయటే రాలిపోయింది. లేదా ఫ్రిజ్‌లో ఎండిపోయింది. తెచ్చిన రోజే పెట్టేస్తే మూడో గొడవ ఉండదు.

ఇప్పుడు ఆ రంగు ఏం చెబుతుందో చూడండి. అమానిటాలది తెలుపు. వరిగడ్డి పుట్టగొడుగుది గులాబీ. తోటల్లో పెంచే బటన్ మష్రూమ్, దాని చుట్టాలది చాక్లెట్ గోధుమ. ఇక గడ్డి మైదానాల్లో వానలు పడగానే గుండ్రంగా వలయాల్లా మొలిచే పెద్ద తెల్ల గొడుగు ఒకటుంది, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అంటారు. చూడ్డానికి ఎంత బాగుంటుందో, తిన్నవాళ్లను ఒకటి నుంచి మూడు గంటల్లో అంత కింద పడేస్తుంది. దాని రేకులు చాలా రోజులు తెల్లగానే ఉంటాయి, అక్కడే మోసపోతారు. గాజు మీద పెడితే మాత్రం పొడి ఆకుపచ్చగా రాలుతుంది. ఆకుపచ్చ పొడి కనబడితే అంతటితో ఆపేయండి.

మన భాష మనకు ఒక మంచి ఆనవాలు ఇచ్చింది. పుట్ట మీద మొలిచే గొడుగు కాబట్టి పుట్టగొడుగు. ఆ పేరు అచ్చంగా సరిపోయేది టెర్మిటోమైసిస్ అనే ప్రజాతికి. ఆఫ్రికా, ఆసియాల్లో చెదపురుగులే దీన్ని పుట్ట లోపల సాగు చేస్తాయి. నమిలిన కర్ర, ఆకుల ముద్దతో తేనెపట్టు లాంటి గదులు కట్టి, వాటి మీద ఈ బూజును పెంచి మేస్తాయి. వాన పడ్డాక ఆ గదుల నుంచే కాడ మట్టిని తొలుచుకుంటూ పైకొస్తుంది. గొడుగు నడినెత్తిన ఉన్న మొన అందుకే, అది తొలిచే బరమా. తవ్వితే కాడ అడుగున సంచి ఉండదు, సన్నబడుతూ పుట్ట లోపలికి పోయే పొడవాటి వేరు ఉంటుంది, జానెడు నుంచి మూరెడు దాకా. పీకితే అది సగంలో తెగుతుంది, మీకు మిగిలేది ఇంకో తెల్ల గొడుగు. వీటి పొడి ముద్ర గులాబీ కలిసిన మీగడ రంగు. మొన, వేరు, సంచి లేకపోవడం, ముద్ర రంగు, నాలుగూ కలిస్తేనే అది ఈ అసలు పుట్టగొడుగు. పుట్ట పక్కన మొలిచిన ప్రతిదీ ఇదే కాదు, అమానిటాకు పుట్ట పక్కన మొలవకూడదన్న నియమమేమీ లేదు. చెదపురుగులు లేకుండా బతకదు కాబట్టి దీన్ని ఇప్పటిదాకా తోటల్లో మామూలుగా పెంచలేకపోతున్నారు. అడవి పుట్టగొడుగుకు ఇంత మోజు ఉండటానికి అదొక కారణం.

కర్ర మీద మొలిచేవన్నీ మంచివన్న మాట కూడా వదిలేయండి. గలెరీనా అనే చిన్న గోధుమ రంగుది పుచ్చిన కర్ర మీదే మొలుస్తుంది, దానిలో ఉన్నది డెత్ క్యాప్ విషమే.

బంతిలా ఉండే పఫ్‌బాల్ తెస్తే నిలువునా నడిమికి కోయండి. లోపలంతా ఒకే తెలుపు, పనీర్ ముక్కలా ఉండాలి. కోసిన ముఖం మీద చిన్న గొడుగు నీడలా, కాడ, రేకుల గీతలు కనబడితే అది అమానిటా గుడ్డు. లోపల ఊదా నలుపు ఉంటే స్క్లెరోడెర్మా అనే వేరే రకం, అదీ విషమే. పసుపు తిరిగితే ముదిరిపోయింది. ప్రతి ఒక్కదాన్నీ కోయాలి, పదింటిలో ఒకటి కోసి చూసి మిగతావి నమ్మకూడదు.

(సభలోంచి ప్రశ్న: ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి కదండీ?)

ఉన్నాయి. ఏ ప్రజాతి వైపు వెతకాలో దారి చూపడానికి పనికొస్తాయి. కానీ మీరు తీసే ఫొటో పైనుంచి తీస్తారు. మట్టిలో ఉన్న సంచి ఫొటోలో పడదు, పొడి రంగు పడదు, వాసన పడదు. యాప్ చెప్పిన పేరుతో గిన్నె పొయ్యి మీద పెట్టకండి. మీ ప్రాంతంలో ఏళ్లుగా ఏరుతున్నవాళ్లకు మొత్తం పుట్టగొడుగును, మొదలుతో సహా, చేతిలో పెట్టి చూపించండి.

(మరో ప్రశ్న: మా పెద్దవాళ్లు ఎప్పటినుంచో తింటున్న రకమైతే?)

చాలావరకు ఆ అనుభవం విలువైనదే. అయినా ఒక మినహాయింపు చెప్పాలి. పాక్సిల్లస్ అనే రకాన్ని ఐరోపాలో తరతరాలుగా ఉడికించి తిన్నారు. జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త యూలియుస్ షేఫర్ 1944లో దాన్ని తినే చనిపోయారు. అది తిన్న ప్రతిసారీ శరీరం దాని మీద ప్రతిరక్షకాలు పెంచుకుంటూ పోతుంది, ఏదో ఒక రోజు అవి సొంత ఎర్ర రక్తకణాల మీదే తిరగబడతాయి. జపాన్‌లో ఏంజెల్ వింగ్ అనే తెల్లటిదాన్ని ఎప్పటినుంచో తింటున్నారు, 2004లో దాని వల్ల 17 మంది పోయారు, బాధితుల్లో చాలామందికి అంతకుముందే మూత్రపిండాల జబ్బు ఉంది. కాబట్టి తిన్నవాళ్ల పేర్లతో పాటు వాళ్ల ఆరోగ్యం, ఎంత తిన్నారు, ఎలా వండారు కూడా అడగాలి.

ఏరేటప్పుడు పట్టించుకోవాల్సినవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. బుట్ట గానీ కాగితం సంచి గానీ వాడండి. ప్లాస్టిక్ కవర్లో చెమటపట్టి రెండు గంటల్లో జిగురొస్తాయి, మంచి రకమైనా పాడైతే కడుపు చెడగొడుతుంది. రకం రకానికి వేరు పొట్లం. తెలియనిదాన్ని తెలిసినవాటితో కలిపితే, దాని విరిగిన ముక్క ఒకటి మంచివాటిలో పడితే ఇక ఏరలేరు. రోడ్డు పక్కన, ఫ్యాక్టరీ చెత్త, గనుల మట్టి ఉన్నచోట, మందు కొట్టిన గడ్డిలో ఏరొద్దు, పుట్టగొడుగులు కాడ్మియం, పాదరసం, సీసం లాంటివాటిని నేల నుంచి పీల్చి దాచుకుంటాయి. తెచ్చాక ఫ్రిజ్‌లో కాగితంలోనే ఉంచి, ఒకటి రెండు రోజుల్లో వండేయండి.

సరే, పొయ్యి దగ్గరికి వద్దాం.

ముందు నిలువుగా కోసి చూడండి, కాడలో సన్నటి సొరంగాలుంటే పురుగు పట్టింది. పైపైన ఉంటే ఆ భాగం తీసేయొచ్చు, గొడుగుదాకా ఎక్కితే పారేయండి. వేరుకు అంటిన మట్టిని నీళ్లు తగలకముందే కత్తితో గీకండి. తడిపితే మట్టి బురదై రేకుల్లోకి దూరుతుంది. ఆ తర్వాత ధారగా నీళ్ల కింద గబగబా కడిగి గుడ్డ మీద ఆరబెట్టండి. కడగనే కూడదన్నది అతి జాగ్రత్త. నానబెట్టడమే తప్పు.

పచ్చిగా ఏ అడవి పుట్టగొడుగూ తినొద్దు. మోరెల్ ఎంతో ఖరీదైన మంచి రకం, అయినా 2023లో అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో పచ్చివి, సరిగా ఉడకనివి తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. కనీసం పదిహేను నిమిషాలు బాగా ఉడకాలి. మెత్తబడిపోతాయేమోనన్న భయం అక్కర్లేదు. వీటి కణాల గోడలు కైటిన్‌తో కట్టినవి, పీతల పెంకులో ఉండేదే. కూరగాయల్లా వేడికి కరిగి ముద్దవదు. అరగంట ఉడికినా పంటికి తగులుతూనే ఉంటాయి.

ఎక్కువమంది చేసే పొరపాటు నూనెతో మొదలుపెట్టడం. పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీరు, మిగతాదాని మధ్య గాలి గదులు. నూనె పోస్తే స్పాంజిలా పీల్చేస్తుంది, ఇంకా పోస్తారు, కాసేపటికి నీరు వదిలి నూనెలో ఉడుకుతాయి, జిడ్డుగా తేలుతాయి. తిరగేసి చేయండి. 250 గ్రాముల ముక్కలు బాణలిలో వేసి పావు కప్పు నీళ్లు పోయండి. మూత పెట్టి పెద్ద మంట మీద ఐదు నిమిషాలు. గాలి గదులు కూలిపోయి ముక్కలు సగానికి కుంగుతాయి. మూత తీసి, వదిలిన నీరంతా ఇంకేదాకా మరో ఏడెనిమిది నిమిషాలు. చిటపట శబ్దం మారుతుంది, నీటి బుసబుస ఆగి పొడి చిటచిట మొదలవుతుంది. అప్పుడు ఒక పెద్ద చెంచా నూనె, ఉప్పు. నీరుండగా బాణలి వేడి వంద డిగ్రీలు దాటదు, ఎర్రబడటానికి అంతకంటే చాలా వేడి కావాలి, అందుకే నీరు పోయేదాకా ఆగాలి. ఇంకో ఐదు నిమిషాల్లో అంచులు ఎర్రబడతాయి. వెల్లుల్లి ఆఖరి నిమిషంలో, ముందు వేస్తే మాడి చేదెక్కుతుంది.

ఇంక్ క్యాప్ అనే బూడిద రంగు రకం వండితే ఆ పూటకు ముందూ తర్వాతా మద్యం ముట్టొద్దు, మూడు రోజుల దాకా. అందులోని కోప్రిన్ మద్యం అరుగుదలను మధ్యలో ఆపేస్తుంది, ముఖం ఎర్రబడి గుండె దడ, వాంతులు వస్తాయి.

కొత్త రకం మొదటిసారి తినేటప్పుడు ఒక్కటే రకం, రెండు మూడు చెంచాలకు మించకుండా, పెద్దవాళ్లు మాత్రమే. ఒక పచ్చిదాన్ని మొదలుతో సహా, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటిదాకా మళ్లీ తినొద్దు. ఒకరి ఒంటికి పడింది మరొకరికి పడకపోవచ్చు. ఈ జాగ్రత్త ఒంటికి పడదేమో తెలుసుకోవడానికి, పేరు తేలనిదాన్ని పరీక్షించడానికి కాదు.

(చివరి ప్రశ్న: ఎండబెట్టి దాచుకోవచ్చా?)

దాచుకోవచ్చు, కొన్నిటికి రుచి పెరుగుతుంది కూడా. 3 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, 45 నుంచి 50 డిగ్రీల వేడిలో పెట్టండి. వంచితే సాగకుండా అప్పడంలా పెటుక్కుమనాలి. కిలో పచ్చివి సుమారు 100 గ్రాములవుతాయి. సీసాలో పోసి వారం పాటు రోజూ చూడండి, లోపల గాజుకు ఆవిరి పట్టినా, ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నా ఇంకా తేమ ఉంది, తీసి మళ్లీ ఎండబెట్టాలి. వండే ముందు చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో నానబెట్టండి, రాత్రంతా ఉన్నా ఫరవాలేదు. బయట మాత్రం రెండు గంటలు దాటనివ్వొద్దు. ముఖ్యంగా చెట్టు చెవి అనే నల్లటి రకాన్ని గది వేడిలో రోజంతా నాననిస్తే ఒక బాక్టీరియా బాంగ్‌క్రెకిక్ ఆమ్లం తయారుచేస్తుంది, దానికి వాసన ఉండదు, ఎంత ఉడికినా పోదు. నానిన నీళ్లు పారబోయకండి, రుచంతా అందులోనే ఉంది. కదపకుండా పల్చటి గుడ్డలోంచి వంచి, అడుగున మిగిలే రెండు చెంచాల ఇసుక నీళ్లు మాత్రం వదిలేయండి.